శబ్దం వస్తోంది, మాట అర్థం కావడం లేదు

కొత్త ఇంట్లో చేరిన మొదటి నెలలోనే మా అమ్మీ ఒక మాట అన్నారు: "ఆవాజ్ ఆరీ, మగర్ బాత్ సమజ్ మే నై ఆరీ." శబ్దం వస్తోంది గాని మాట బోధపడటం లేదని. ఆమె వయసు 78. ఫజర్ నమాజు తర్వాత స్పీకరులో ఖిరాఅత్, ఆ తర్వాత ఉర్దూ వార్తలు వినడం ఆమెకు ఏళ్ల తరబడి అలవాటు. పాత పెంకుటింట్లో ఎన్నడూ ఇబ్బంది పడలేదు.

చెవులు మందగించాయనుకున్నాం. డాక్టరుగారు పరీక్షించి, వయసుతో వచ్చే లోపమే తప్ప వేరే జబ్బేమీ లేదన్నారు. తర్వాత స్పీకరును అనుమానించాం. ఎక్కువ డబ్బు పోసి పెద్దది కొన్నాం. మోత పెరిగింది, స్పష్టత ఇంకా తగ్గింది. దాదీమాకు ప్రతిదీ పదిసార్లు చెప్పాలని పిల్లలు విసుక్కోసాగారు. ఆమె మెల్లగా వినడమే మానుకున్నారు.

రంజాన్ పండుగకు బంధువులు వచ్చారు. హాలులో పరుపులు, జంపఖానాలు పరిచాం. పదిహేను మంది కూర్చున్నారు. అదే స్పీకరు మోగుతుండగా అమ్మీ తలెత్తి, "ఆజ్ సాఫ్ సునాయీ దేరా" అన్నారు. అప్పుడు గాని మా దృష్టి గది మీదకు పోలేదు.

సరిగ్గా ఇలాంటి చిక్కే 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఎదురైంది. ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో ఎవరు ఏం చెప్పినా వినేవారికి అర్థమయ్యేది కాదు. వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకునికి ఆ పని అప్పగించారు. ఆయన రాత్రి నిశ్శబ్దంలో ఆర్గన్ గొట్టాన్ని మోగించి, ఆపిన తర్వాత నాదం ఎంతసేపు నిలుస్తుందో గడియారంతో కొలిచేవారు. ఖాళీ మందిరంలో అది ఐదున్నర సెకన్లు! ఒక మాట గాలిలో కరిగేలోపు వక్త మరో పది మాటలు పలికేస్తాడు. పక్కనే ఉన్న శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి పరిచేకొద్దీ ఆ వ్యవధి తగ్గుతూ వచ్చింది. మనుషులు, వారి దుస్తులు కూడా ధ్వనిని పీల్చుకుంటాయని ఆయన లెక్కగట్టారు. మా ఇంట్లో పండుగనాడు జరిగింది కూడా అదే.

ఇలా ధ్వని గోడల మధ్య తిరుగుతూ మిగిలిపోవడాన్ని ప్రతినాదం అంటారు. గది పెద్దదయ్యేకొద్దీ ఇది పెరుగుతుంది, మెత్తని వస్తువులు పెరిగేకొద్దీ తగ్గుతుంది. సబీన్ సూత్రంలోని సారం ఇంతే. మాటలు వినే గదిలో ప్రతినాదం సుమారు అర సెకను ఉంటే మంచిది. స్లాబు, నున్నటి టైల్స్, సిమెంటు గోడలు, పెద్ద అద్దాలు ఉన్న ఖాళీ హాలులో అది రెండు సెకన్లు దాటవచ్చు. గోల్కొండ కోట ప్రవేశంలో గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపించడం చూసి ముచ్చటపడతాం. కావలివారికి పనికొచ్చిన ఆ రాతి గుణం వార్తలు వినే గదిలో శత్రువవుతుంది.

ఇందులో నష్టపోయేది హల్లులు. అచ్చులు బిగ్గరగా, నిడివిగా ఉంటాయి. త, క, స వంటివి క్షణంలో పుట్టి పోతాయి, బలమూ తక్కువే. ముందు పలికిన అచ్చు తాలూకు తోక వెనక వచ్చే హల్లును కప్పేస్తుంది. వయసు మీరినవారికి పైస్థాయి ధ్వనులు ముందే తగ్గి ఉంటాయి కనుక వారు అందరికంటే ముందు ఇబ్బంది పడతారు. రికార్డింగు విని తజ్వీద్ నేర్చుకునే పిల్లల సంగతీ అంతే. సీన్‌కూ సాద్‌కూ తేడా ఈ మోతలో కలిసిపోతే పిల్లవాణ్ణి మందలించి ఏం లాభం? ఈ విషయంలో నేనూ కొందరిని అనవసరంగా కోప్పడ్డాను.

వాల్యూము పెంచితే ఫలితం ఉండదు. మాటతోపాటు గోడల నుంచి వచ్చేదీ అదే పాళ్లలో పెరుగుతుంది. మేము మొదట చేసిన పని స్పీకరును మూలలోంచి తీసి, అమ్మీ కూర్చునే చోటికి మూడడుగుల దూరంలో పెట్టడం. దీనికి పైసా ఖర్చు లేదు, సగం బాధ ఇక్కడే తీరింది. మూలలో పెడితే తబలా, ఢోలక్ వంటి మంద్ర ధ్వనులు గుంయ్‌మని పెరిగి మాటను మింగుతాయి. తర్వాత నేల మీద మందపాటి తివాచీ, కిటికీకి కుచ్చులు బాగా వచ్చేలా దళసరి పరదా, ఎదురుగోడకు పుస్తకాల బీరువా. పలుచని పరదా అలంకారానికే. గోడలకు కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ అంటించమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. అవి ధ్వనిని పీల్చుకునేది చాలా తక్కువ. తివాచీ కూడా పైస్థాయి ధ్వనులనే తగ్గిస్తుంది, మంద్రధ్వనుల మీద దాని ప్రభావం స్వల్పం.

మీ గదిని పరీక్షించడం సులభం. మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. వెనకాల జంయ్‌మని గీర వినిపిస్తే ఎదురెదురు గోడలు రెండూ బోసిగా ఉన్నట్లు. వాటిలో ఒకదాన్ని కప్పితే చాలు.

మా ఇంట్లో పైకప్పు సంగతి మిగిలింది. అబ్బాయి ఫాల్స్ సీలింగు వేయిద్దామంటున్నాడు. మామూలు జిప్సం పలకలైతే స్లాబులాగే శబ్దాన్ని తిప్పికొడతాయి, సన్నని రంధ్రాలుండి వెనక దూదిలాంటి పొర ఉన్న రకమే కావాలన్నాను. ధర కనుక్కుని వస్తానని వెళ్లాడు.