వలిసె పూసిన దారి

కార్తీకం వచ్చిందంటే మా అత్తగారి చూపు కొండ మీదికి పోతుంది. ఆవిడ పుట్టిల్లు శృంగవరపుకోట దగ్గర పల్లె. ఆ ఇంటి వాకిట్లో నిలబడితే అనంతగిరి కొండలు నీలంగా కనిపిస్తాయి. నిరుడు ఓ సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికొస్తూ, "ఈపాటికి వలిసెలు పూసేసుంటాయి" అన్నారు. ఆ ఒక్క మాటకే మర్నాడు తెల్లారకముందే విశాఖపట్నంలో కారెక్కాం. ఆవిడ, మా ఆయన, నేను, పదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. వెనక సీట్లో పులిహోర గిన్నె, స్వెట్టర్ల సంచి. అరకు 115 కిలోమీటర్లే. అయినా మూడు రోజులు పెట్టుకున్నాం. అరకు వైపు నుంచి ఎక్కి, పాడేరు వైపు నుంచి దిగాలని.

శృంగవరపుకోట దాటగానే ఘాట్ రోడ్డు. నాలుగు మలుపులు తిరిగేసరికి ఉక్క పోయింది. ఇంకో నాలుగు తిరిగేసరికి బాబు చెవులు దిబ్బెళ్ళు పడ్డాయన్నాడు. అద్దాలు దించితే తడి మట్టి వాసన, దానికింద ఏదో ఆకు నలిగిన వాసన. వానలు వెళ్ళిపోయి నెల దాటలేదు. గెడ్డలన్నీ ఒండ్రు దిగి తేటపడి, రాళ్ళ మీద గలగలా దిగుతున్నాయి.

"ఆటమ్ అంటే ఆకులు రాలాలి కదా, ఇక్కడ రాలట్లేదేం?" అంది పాప. దాని పాఠ్యపుస్తకంలో ఎర్రటి ఆకుల బొమ్మ ఉంది. ఆ బొమ్మ చల్లటి దేశాలది. మనకు ఆకు రాలేది శిశిరంలో. ఆశ్వయుజం, కార్తీకం శరత్తు. మనవాళ్ళు శరత్తును గుర్తుపట్టింది ఆకుతో కాదు, వెన్నెలతో, తేటపడ్డ నీళ్ళతో, కడిగిన ఆకాశంతో. అయితే ఆ చల్లటి దేశాల చెట్టుకీ, మా కొండ మీది మొక్కకీ ఒక పోలిక ఉంది. రెండూ వెలుతురును లెక్కపెడతాయి. పగలు కురచవుతోందని తెలియగానే అక్కడి చెట్టు ఆకును వదిలేయడానికి సిద్ధమవుతుంది. ఇక్కడ వలిసె మొక్క మొగ్గ తొడుగుతుంది.

బొర్రా గుహలు పిల్లల కోసం చూశాం. సున్నపురాయిని నీటిచుక్క తొలిచిన పని అది. పైకప్పులోంచి జారిన చుక్క రవ్వంత సున్నాన్ని పైన కొంత, నేల మీద కొంత వదిలి పోతుంది. పైనుంచి ఒక వేలు, కింది నుంచి ఒక వేలు పెరుగుతూ వస్తాయి. రెండూ కలిస్తే స్తంభం. గుహ మీదుగానే కిరండూల్ వెళ్ళే రైలు పట్టాలున్నాయని చెప్తే, బాబు చాలాసేపు తలెత్తే ఉన్నాడు. రైలు చప్పుడు వినాలని వాడి ఆశ. జనం రద్దీలో మాకు చుక్క చప్పుడు కూడా వినపడలేదు.

అసలు సంగతి అరకులోయలోకి దిగాక మొదలైంది. రోడ్డు వంపు తిరగ్గానే కొండవాలు మొత్తం పచ్చటి పసుపు. పసుపు దంచిన రోటి చుట్టూ రాలినట్టు అంచుల్లో పలచగా, మధ్యలో చిక్కగా. మా ఆయన కారాపాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

వలిసెలంటే ఉత్తరాంధ్రలో తెలియనివాళ్ళుండరు. ఒడిసెలన్నా, వెర్రినువ్వులన్నా ఇవే. నూనె గింజ. సారం లేని రాతినేలలో, మరే పైరూ బాగా రాని ఏటవాలులో చల్లినా వస్తుంది. గట్టు మీద కూర్చుని ఒక పువ్వును దగ్గరగా చూశాను. చుట్టూ ఎనిమిది రేకులు. మధ్యలో బుడిపె. ఆ బుడిపె మీద చిన్న చిన్న గొట్టాలు, గుండుసూది తలంత. ఒక్కో గొట్టం ఒక్కో పువ్వు. ఒక్కో రేకూ ఒక పువ్వే. అంటే మనం పువ్వంటున్నది యాభై పైచిలుకు పూలు చేరి కట్టిన గుంపు. వేలితో తాకితే పుప్పొడి అంటింది. రుద్దినా పోలేదు. బాబు చొక్కాకంటిన మరకైతే నాలుగు ఉతుకుల దాకా ఉంది.

ఇంతలో నా మోకాలి పక్కన ఒక తేనెటీగ వాలింది. రెండు వెనక కాళ్ళకూ పసుపు మూటలు. ఒక బుడిపె మీద గుండ్రంగా తిరిగి, లేచి, పక్క మొక్క మీద వాలింది. అదే మొక్కలోని ఇంకో పువ్వు మీద కాదు, పక్క మొక్క మీద. వలిసె పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టదు. పక్క మొక్క పుప్పొడి రావాలి, దాన్ని ఎవరో ఒకరు మోసుకురావాలి. ఆ మోతకోసమే ఇంత పసుపు. కొండవాలు మొత్తం రంగు పూసుకుని పిలుస్తున్నది మమ్మల్ని కాదు, ఈ ఈగను.

ఆ పొలం గల ఆవిడ గట్టు చివర నిలబడి ఉంది. ఫొటోకి మనిషికి పది రూపాయలంది. ముందురోజు ఎవరో లోపలికంటా నడిచి, కూర్చుని, పడుకుని ఫొటోలు తీసుకున్నారట. ఆ మేర మొక్కలు నేలకరిచి ఉన్నాయి. మనిషి ఆకారంలో పడుకున్న ఆ మచ్చను చూస్తే నాకు నిజంగా బాధేసింది. ప్రతి ఏడూ ఎన్ని వేలమంది ఈ పసుపును చూడ్డానికి వస్తున్నామో! అది ఆవిడ ఇంట్లో ఏడాది నూనె. డబ్బులిచ్చాం, గట్టు దిగలేదు. పాప మాత్రం, "అత్తా, ఆ తేనెటీగలు మీవేనా?" అని అడిగింది. ఆవిడ నవ్వింది. "ఎవులవీ కావమ్మా, కొండవి" అంది.

రెండో రోజు హుకుంపేటలో సంత. ఆ రోజు కలిసొచ్చేలా చూసుకునే బయల్దేరాం. దారిలో చాపరాయి దగ్గర పిల్లలు నీళ్ళలో కాళ్ళు పెట్టి ఆడారు. నేను తొందరపెట్టి లేపాను. సంతకి పొద్దెక్కి వెళ్తే మంచి సరుకుండదని అత్తగారి ఆరాటం. అది నాకూ అంటుకుంది.

సంతంటే కొట్లు కావు. నేల మీద పరిచిన గోనెలు, వాటి వెనక తెల్లవారకముందే ఊళ్ళలో బయల్దేరి నడిచి వచ్చిన మనుషులు. అడ్డాకుల కట్టలు, పచ్చి అల్లం, పసుపు కొమ్ములు, ఎండు పిప్పళ్ళు, చింతపల్లి రాజ్మా, కళ్ళు విచ్చిన సీతాఫలాలు. తెలుగులో ఒరియా కలిసిన మాట. మైదానం నుంచి వచ్చిన వర్తకులు ప్లాస్టిక్ బిందెలు, దుప్పట్లు, ఎండుచేపలు పోసుకుని ఒక పక్క. ఎండుచేపల దగ్గరే జనం ఎక్కువ. సముద్రాన్ని చూడని ఊళ్ళకు సముద్రం అలా ఎక్కి వస్తుంది.

అత్తగారు చకచకా నడిచి, ఒక ముసలావిడ ముందు చతికిలబడ్డారు. ఇంట్లో మోకాళ్ళ నొప్పులని కుర్చీ దిగని మనిషి. గోనె మీద నల్లటి గింజలు, జీలకర్రంత సన్నగా, నూనె పూసినట్టు మెరుస్తూ.

"ఏటప్పా, ఈ ఏటివేనా?"

"నిరుటివమ్మా. ఈ ఏటివి ఇంకా పువ్వు మీదున్నాయి."

అబద్ధమాడితే మాకు తెలిసేది కాదు. ఆవిడ ఆడలేదు. గింజ నోట్లో వేసుకుని కొరికి, అత్తగారు తలూపారు. సోల మీద గోపురంలా పోసి, ఇంకో గుప్పెడు కొసరేసింది ఆ ముసలావిడ. పక్క గోనెలో చోళ్ళు, అంటే రాగులు. అవీ రెండు సోలలు తీసుకున్నాం. తర్వాత బడ్డీలో కాఫీ తాగాం. ఇక్కడి కొండల్లో పండిన కాఫీ. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా.

ఆ గ్లాసు చేత్తో పట్టుకుని, సంచిలోకి చూస్తూ ఉంటే నాకు ఒక మాట తట్టి ఒళ్ళు జలదరించింది. వలిసెల పుట్టిల్లు ఇథియోపియా కొండలు. అరబికా కాఫీ పుట్టిందీ ఆ కొండల అడవుల్లోనే. చోళ్ళను మనిషి మొదట సాగు చేసుకున్నదీ ఆ తూర్పు ఆఫ్రికా మెట్టల్లోనే. మూడూ మూడు కాలాల్లో సముద్రం దాటాయి. చోళ్ళు వేల ఏళ్ళ కిందటే వచ్చేశాయి. వలిసెలు ఎప్పుడో పాత వర్తకుల మూటల్లో. కాఫీ యెమెన్ మీదుగా, నిన్నగాక మొన్న. వచ్చినవి వచ్చి, అదే ఎత్తు, అదే చలి, అదే వాలు ఉన్న చోటు వెతుక్కున్నట్టు ఈ కొండల మీద కలుసుకున్నాయి. పుట్టింటి చుట్టాలు ముగ్గురు హుకుంపేట సంతలో పక్కపక్కన కూర్చున్నట్టుంది. ఇక్కడితో ఆగలేదు కూడా. ఇక్కడి వలిసె గింజలు అమెరికా దాకా వెళ్తాయి. అక్కడ పెరట్లో వేలాడే గొట్టాల్లో పోస్తే పసుపు పిట్టలు వచ్చి తింటాయి. వాటిలో కలిసొచ్చే కలుపు విత్తనాలు మొలకెత్తకుండా వేడిచేసి గాని దేశంలోకి రానివ్వరు.

రాత్రి పాడేరులో పడుకుని, మూడో రోజు నాలుగింటికి లేచాం. వంజంగి కొండ. బళ్ళు ఆగే చోటు నుంచి గంట పైగా నడక. టార్చి వెలుగులో అడుగు పడే మేరే కనిపిస్తుంది. మంచుకు తడిసిన రాళ్ళు జారుతున్నాయి. గడ్డి ఒరుసుకుని పాంటులు మోకాళ్ళదాకా తడిసిపోయాయి. సగం దారిలో అత్తగారు ఒక బండ మీద కూర్చుండిపోయారు. "మీరు పొండి. నేనిక్కడ విష్ణుసహస్రం చదువుకుంటాను" అన్నారు. శాలువా కప్పి, ఫ్లాస్కు పక్కన పెట్టి, మనసొప్పక మా ఆయన్నీ అక్కడే ఉంచి మేము ముగ్గురం ఎక్కాం.

తెలవారుతుంటే పాప దారిలో ఒక రాయి ఏరింది. తుప్పురంగు రాయి, దానిలో దానిమ్మగింజ రంగు చుక్కలు. అవి గార్నెట్లు. ఈ కొండల నిండా ఉండే ఈ రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైట్ అంటారు. ఈ కొండల ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఒకప్పుడు నేల లోతుల్లో ఉడికి, అణిగి, దాదాపు వంద కోట్ల ఏళ్ళనాడు ఈ రూపు తేలిన రాయి. పాప దాన్ని చూసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టేసింది. ఎందుకని అడగలేదు.

పైకి చేరేసరికి కింద లోయ లేదు. మబ్బే ఉంది. కొండ అంచు నుంచి కొండ అంచు దాకా తెల్లగా, కదలకుండా. మధ్యమధ్యలో శిఖరాలు లంకల్లా తేలుతున్నాయి. సూర్యుడు రాగానే దాని మీద గులాబి రంగు పరుచుకుని, కెరటాలున్నట్టు నీడలు పడ్డాయి.

ఇది ఆకాశం నుంచి దిగిన మబ్బు కాదు. లోయలోనే పుట్టింది. వానలు పోయాక ఆకాశం తేటగా ఉంటుంది. రాత్రి నేల తన వేడినంతా ఆ తేట ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలనంటిన గాలి చల్లబడి, బరువెక్కి, కొండవాలు వెంట నీళ్ళలాగే జారి లోయలో చేరుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా పడుతుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చలి కదా, అప్పుడు తలకిందులవుతుంది. మూత కింది గాలిలో వానాకాలం వదిలివెళ్ళిన చెమ్మంతా మంచుగా చిక్కబడి, మూత దాటి పైకి రాలేక అలా సమంగా నిలిచిపోతుంది. అందుకే శరత్తు, హేమంతం దీనికి కాలం. గాలి కొట్టినరోజు, మబ్బు పట్టిన రాత్రి తర్వాత ఈ సముద్రం ఉండదు. కారణం తెలిస్తే అందం తగ్గుతుందంటారు కొందరు. నాకైతే, రాత్రంతా కొండవాలున జారిన ఆ చల్లగాలి మా పక్కనుంచే పోయిందని తెలిశాక ఇంకా ఎక్కువైంది.

"అమ్మా, కింద వాళ్ళకి ఇవాళ మబ్బుపట్టిందా?" అన్నాడు బాబు.

అవును. మేము రాత్రి పడుకున్న గది, పాల పాకెట్ల బండి, మోదకొండమ్మ గుడి, అన్నీ ఈ తెలుపు అడుగున ఉన్నాయి. అక్కడ వీధి దీపాలింకా వెలుగుతూనే ఉంటాయి.

ఎండెక్కేసరికి మూత సడలింది. మబ్బు అంచులు విడి, పొగలా లేచి, కొండవాలు పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టింది. మేము దిగుతుంటే ఎదురొచ్చింది. కాసేపు పిల్లల చేతులు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ తెలుపులోంచే అత్తగారి గొంతు వినిపించింది. దగ్గరికెళ్తే శాలువా మీద, కనురెప్పల మీద సన్నటి నీటి పూసలు.

"నేనెక్కలేకపోయానుగానీ, అదే నా దగ్గరికొచ్చిందే" అన్నారు.

దిగే దారిలో ఖాళీ సీసాలు, చిప్సు కవర్లు పిల్లలు ఏరుతుంటే ఒక సంచి నిండింది. ఇంత దూరం వచ్చి, ఇంత చూసి, దాని మీదే పారేసిపోవడానికి చెయ్యెలా వస్తుందో నాకు అర్థం కాదు.

మినుములూరు దగ్గర కాఫీ తోటలో ఒక్కసారి ఆగాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లకు పాకిన మిరియపు తీగ, వాటి కింద కాఫీ మొక్కల కణుపుల్లో ఎరుపెక్కుతున్న పళ్ళు. తర్వాత మాడుగుల. ఆ ఊళ్ళో కొనేది హల్వా ఒక్కటే. నానిన గోధుమల్ని రుబ్బి తీసిన పాలను నేతిలో గంటల తరబడి కలుపుతారు. వెచ్చగా ఉండగానే ఆకులో పెట్టిచ్చారు. నెయ్యి వేళ్ళ సందుల్లోంచి కారింది. అక్కడికి ఉక్క మళ్ళీ మొదలైంది. స్వెట్టర్లు సంచిలోకి వెళ్ళాయి.

ఇంటికొచ్చాక అత్తగారు వలిసెలు వేయించారు. చిటపటలాడి, నువ్వుల వాసనకి దగ్గరగా, కాస్త ఘాటుగా ఇల్లంతా కమ్మింది. ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచిన పొడి చోళ్ళ రొట్టెలో నంజుకున్నాం. వేయించకముందే పాప చిటికెడు గింజలు దాచి, వరండాలో కుండీలో చల్లింది. చీమలు చాలావరకు ఎత్తుకుపోయాయి. ఒక్క మొక్క నిలిచింది. పుష్యమాసంలో పూసింది కూడా, ఎనిమిది రేకులతో. పాప రోజూ చూసింది. రేకులు వాడాక బుడిపె విప్పితే లోపల అన్నీ పొల్లు.

ఈ ఏడాది రెండు కుండీలు పెట్టింది, చీమలకు చుట్టూ పసుపు గీత గీసింది. నాలుగు మొక్కలు మొగ్గ మీదున్నాయి. పొద్దున్నే బడి బట్టలతో వరండా గట్టు మీద కూర్చుని, ఎదురింటి మునగచెట్టు మీద వాలిన తేనెటీగలకేసి చూస్తోంది.