కట్టకముందే నడిచే కర్మాగారం

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. పనిలోకి దిగితే తప్ప అందులోని కష్టం తెలియదని ఈ సామెత భావం. కర్మాగారం కట్టడం ఇంతకన్న పెద్ద పని. యంత్రాలు బిగించి, పనివారిని కుదుర్చుకొని, ఉత్పత్తి మొదలుపెట్టిన తరువాత లోపం బయటపడితే కట్టినదానిని పడగొట్టి మళ్ళీ కట్టవలసి వస్తుంది. అందువల్ల పునాది తవ్వకముందే కర్మాగారాన్ని కంప్యూటరులో నడిపి చూసే పద్ధతి వచ్చింది. దీనిని ‘సిమ్యులేషన్’ అంటారు. తెలుగులో ‘అనుకరణ’ అనవచ్చు.

కంప్యూటర్లు లేని కాలంలో ఇటువంటి ప్రయోగాలన్నీ నిజమైన మనుషులతో, నిజమైన యంత్రాలతోనే జరిగేవి. అమెరికాలోని హైలాండ్ పార్క్‌లో హెన్రీ ఫోర్డ్ కార్ల కర్మాగారం ఉండేది. అక్కడ కారు చట్రం ఒకచోటనే ఉండేది. పనివారే భాగాలు తెచ్చి బిగించేవారు. ఒక చట్రం కూర్చడానికి సుమారు 12 గంటల 28 నిమిషాలు పట్టేది. 1913లో చట్రానికి తాడు కట్టి లాగుతూ, పనివారిని దారి పొడుగునా నిలబెట్టి చూశారు. చట్రం కదిలింది, మనిషి నిలిచాడు. అనేక మార్పుల తరువాత 1914 నాటికి అదే పని 1 గంట 33 నిమిషాలలో పూర్తి కాసాగింది. పనివారి ఎత్తును బట్టి ఒక వరుసను నేలనుండి 26.75 అంగుళాల ఎత్తున, మరొకదానిని 24.5 అంగుళాల ఎత్తున అమర్చారు.

అయితే రోజంతా ఒకే మరను బిగించే పనితో విసిగి చాలామంది మానివేసేవారు. వారిని నిలుపుకొనడానికి 1914 జనవరిలో ఫోర్డ్ సంస్థ రోజుకు 5 డాలర్ల వేతనం, 8 గంటల పని ప్రకటించింది. ఉత్పత్తి ప్రణాళికలో యంత్రంతోపాటు మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఈ అనుభవం చెబుతుంది.

ఇక అనుకరణ ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. చొక్కాలు తయారుచేసేచోట ముగ్గురు పనివారు ఉన్నారనుకోండి. ఒక చొక్కాకు గుడ్డ కత్తిరించడానికి 2 నిమిషాలు, కుట్టడానికి 3 నిమిషాలు, గుండీలు వేయడానికి 2 నిమిషాలు పడుతుంది. కత్తిరించేవాడు గంటకు 30 చొక్కాల గుడ్డ అందిస్తాడు. కుట్టేవాడు 20 మాత్రమే కుట్టగలడు. కనుక గంటకు తయారయ్యేవి 20 చొక్కాలే. మిగిలిన 10 చొక్కాల గుడ్డ కుట్టేవాని ముందు పోగుపడుతుంది. ఎనిమిది గంటలలో ఆ పోగు 80కి చేరుతుంది. కత్తిరించేవానిని తొందరపెడితే పోగు పెరుగుతుందే గాని చొక్కాలు పెరగవు. కుట్టడానికి మరొకరిని నియమిస్తే గంటకు 30 తయారవుతాయి. సీసా నిండా నీళ్ళున్నా మూతి సన్నమైతే ధార సన్నగానే వస్తుంది గదా!

ఈ లెక్క కాగితం మీద చేయవచ్చు. కాని నిజజీవితంలో దారం తెగుతుంది, సూది విరుగుతుంది, కరెంటు పోతుంది, మనిషి అలసిపోతాడు. 3 నిమిషాల పని ఒకసారి 2 నిమిషాలలో అయితే మరొకసారి 5 నిమిషాలు పడుతుంది. పది యంత్రాలు, వందమంది పనివారు ఉన్నచోట ఈ హెచ్చుతగ్గులను చేతితో లెక్కించడం సాధ్యం కాదు. కంప్యూటరు పాచికలు వేసినట్లుగా ఒక్కొక్క పనికి ఒక్కొక్క కాలం కేటాయిస్తుంది. ఒక పని ముగిసిన క్షణం నుండి తరువాతి పని ముగిసే క్షణానికి గంతు వేస్తుంది. ఈ విధంగా నెల రోజుల ఉత్పత్తిని కొద్దిసేపటిలో నడిపి చూపుతుంది. ఎక్కడ సరకు పోగుపడుతున్నదో, ఏ యంత్రం ఖాళీగా ఉంటున్నదో తెలుస్తుంది.

ఇంగ్లండులోని యునైటెడ్ స్టీల్ సంస్థలో కె.డి. టోచర్ 1950వ దశకంలో ఉక్కు కర్మాగారాల పనిని ఈ విధంగా అనుకరించే ప్రయత్నాలు చేశాడు. 1961లో ఐ.బి.ఎం. సంస్థలో జెఫ్రీ గోర్డన్ ఇందుకోసం ‘జి.పి.ఎస్.ఎస్.’ అనే ప్రత్యేక భాషనే రూపొందించాడు.

తరువాత తెరమీదికి మనిషి బొమ్మ కూడా వచ్చింది. పొడుగువాడు, పొట్టివాడు, స్త్రీ, పురుషుడు - ఏ కొలతలు ఇస్తే ఆ బొమ్మ తయారవుతుంది. మర దాకా చేయి అందుతుందా, నడుము ఎంత వంచాలి అన్నది దానితో పరీక్షిస్తారు. 1994లో తొలిసారి ఎగిరిన బోయింగ్ 777 విమానాన్ని పూర్తిగా కంప్యూటరు మీదనే రూపొందించారు. భాగాలు ఒకదానికొకటి అడ్డు తగులుతాయేమో ముందే చూసుకొన్నారు. మనిషంత, విమానమంత నమూనాలు కట్టి చూసే శ్రమ చాలావరకు తప్పింది.

బరువులు ఎత్తే పనికి కూడా లెక్క ఉంది. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తదగిన బరువు 23 కిలోలు. బరువు శరీరానికి దూరంగా ఉన్నా, నడుము తిప్పవలసి వచ్చినా, మాటిమాటికి ఎత్తవలసి వచ్చినా ఈ హద్దు తగ్గుతుంది. హద్దు దాటిన పనిని కంప్యూటరులో ముందే గుర్తించి బల్ల ఎత్తు మార్చవచ్చు.

అయితే విత్తు ఒకటి పెడితే చెట్టు ఒకటి మొలవదు. తప్పు కొలతలు ఇస్తే తప్పు ఫలితమే వస్తుంది. తెరమీది బొమ్మకు ఆకలి లేదు, నడుంనొప్పి లేదు, ఇంటి చింత లేదు. మనిషి ఊపిరి తీసుకొనే రెండు క్షణాలను వృథా కాలంగా చూపడానికి కూడా ఈ సాధనమే పనికివస్తుంది. వంగి వంగి పనిచేసే కార్మికుని నడుమును కాపాడడానికి కూడా ఇదే పనికివస్తుంది. అందుచేత ప్రణాళిక వేసేవారు తెరమీది బొమ్మను పరీక్షించడంతో ఆగక, ఆ పని రోజూ చేసేవారిని కూడా అడిగి తెలుసుకోవాలి.

ఆలోచించి చెప్పండి

1. చొక్కాల ఉదాహరణలో కుట్టేవారు ఇద్దరు ఉన్నప్పుడు గంటకు 40 చొక్కాలు ఎందుకు తయారు కావు?
2. కాగితం మీద చేసిన లెక్కకు, అనుకరణకు గల భేదమేమి?
3. మీ ఊరిలో ఒక పనిచోటును గమనించి, అక్కడ పని ఎక్కడ పోగుపడుతున్నదో రాయండి.