ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షా? బొమ్మ కంటే ముందు ఆకారం చూడండి

కాగజ్‌నగర్ నుంచి ఎల్‌ఎల్‌ఆర్ స్లాట్ బుక్ చేసుకున్నారా? పరీక్షలో పాస్ కావాలంటే 60 శాతం జవాబులు సరిగ్గా ఉండాలి. రోడ్డు గుర్తులను బట్టీ పట్టకండి, ముందు ఆకారం చూడండి.

వృత్తం: ఆదేశం. త్రిభుజం: హెచ్చరిక. దీర్ఘచతురస్రం: సమాచారం. ఎనిమిది మూలల ‘ఆగుము’, తలకిందుల త్రిభుజంలోని ‘దారి ఇవ్వుము’ కూడా ఆదేశాలే.

ఎర్ర అంచున్న నీలి వృత్తంపై ఒక అడ్డగీత ఉంటే పార్కింగ్ నిషేధం. ఇంటూ మార్కులా రెండు గీతలుంటే అక్కడ బండి ఆపనే కూడదు.

కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మన ఊరి మీదుగానే వెళ్తుంది కాబట్టి ఇది బాగా గుర్తుంచుకోండి. త్రిభుజంలో గేటు బొమ్మ ఉంటే కాపలా ఉన్న క్రాసింగ్. ఇంజిన్ బొమ్మ ఉంటే కాపలా లేనిది. అక్కడ బండి ఆపి, రెండు వైపులా చూశాకే దాటాలి.

ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు. 30 రోజులు నిండాక పక్కా లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు.