అన్నం ఏ నీళ్లతో వండుతున్నారు?

ఇంట్లో ఆర్‌ఓ మిషను ఉంటే నిశ్చింతగా ఉండొచ్చని అనుకుంటాం. అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలియకపోతే ఆ నిశ్చింతే ముప్పు తెస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లలో మరీను.

ఆ మధ్య మా ఓపీకి కనిగిరి వైపు నుంచి ఒకావిడ వచ్చారు. యాభై దాటి ఉంటాయి. నడుము పట్టేసి వంగలేకపోతున్నారు. పక్కనున్న కొడుకుని చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాల్సిందే. ముంజేతికి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి, అంచుల వెంట సున్నం పేరుకుని కనిపించింది. ఎముకల ఫ్లోరోసిస్‌లో మేం వెతికే గుర్తుల్లో ఇదొకటి.

‘‘ఏ నీళ్లు తాగుతున్నారమ్మా?’’ అని అడిగాను.

‘‘ఫిల్టరు నీళ్లే సార్. మా అబ్బాయి రెండేళ్ల కిందట మిషను పెట్టించాడు. బోరు నీళ్లు తాగటం అప్పుడే మానేశాం.’’

‘‘మరి అన్నం దేంతో వండుతున్నారు?’’

‘‘వంటకి బోరు నీళ్లే. మిషను నీళ్లు సన్నగా వస్తాయి, అన్నిటికీ ఎక్కడ సరిపోతాయి సార్? అయినా అవి ఉడికేవే కదా!’’

ఈ ‘ఉడికేవే కదా’ అన్న మాట దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, నిజమే. కానీ ఫ్లోరైడ్ క్రిమి కాదు, ఉప్పు లాంటి లవణం. మరిగేకొద్దీ నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోస్తాం. ఆ నీళ్లన్నీ అన్నంలోకే ఇంకుతాయి. పప్పు, చారు, టీ... అన్నిటిదీ ఇదే దారి. రోజంతా ఫిల్టరు నీళ్లు తాగుతూ కూడా ఆమె కంచంలో బోరు నీళ్లే తింటున్నారన్న మాట.

మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించి 1937లో రాసింది ఆ ప్రాంతం గురించే. అప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతా వినిపించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పెట్టారు. ఇప్పుడు చాలా ఊళ్లకు నదుల నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. కుళాయి రాని రోజున మాత్రం మళ్లీ బోరే దిక్కు.

మాగాయ ఊటలో ఉన్న సైన్సు

ఆర్‌ఓ అంటే రివర్స్ ఆస్మాసిస్. ఆస్మాసిస్ అర్థం కావాలంటే ల్యాబుకు వెళ్లక్కర్లేదు, మాగాయ పెట్టేటప్పుడు చూడండి. మామిడి ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే తెల్లారేసరికి జాడీలో ఊట చేరుతుంది. ఆ నీళ్లు ఎవరూ పోయలేదు. ముక్కలోని నీరు ఉప్పు ఎక్కువగా ఉన్న బయటి వైపుకి కణాల పొరలు దాటి వచ్చేసింది. పల్చటి వైపు నుంచి చిక్కటి వైపుకి నీరు వెళ్లడమే ఆస్మాసిస్.

ఆర్‌ఓలో దీన్ని తిరగేస్తారు. లవణాలున్న నీటిని పంపు ఒత్తిడితో ఒక పల్చటి పొర మీదకు నెడుతుంది. ఇళ్లలోని మిషన్లలో ఈ ఒత్తిడి వాతావరణ పీడనానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఆ పొర నీటిని దాటనిస్తుంది, లవణాల్లో చాలా భాగాన్ని ఆపేస్తుంది. దాటినవి మన గ్లాసులోకి, ఆగిపోయినవి కొంత నీటితో కలిసి రెండో పైపులోంచి బయటకు వెళ్తాయి. పనికొచ్చే పొరను మొదట 1960 ప్రాంతంలో అమెరికాలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ తయారుచేశారు. వారి అసలు ఉద్దేశం సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చడం.

మా ఆస్పత్రి డయాలసిస్ గది వెనక కూడా ఇదే సూత్రంతో పనిచేసే పెద్ద మిషను ఉంటుంది. ఒక రోగికి నాలుగు గంటల డయాలసిస్ చేయాలంటే సుమారు 120 లీటర్ల శుద్ధజలం కావాలి. అక్కడ పొర ఎలా పనిచేస్తోందో రోజూ చూసి రాసుకుంటాం. ఇంట్లో మాత్రం గోడకు తగిలించిన రోజు తర్వాత దాని వైపు చూసేవారు తక్కువ.

ఈ పొరకు ముందు రెండు మూడు గొట్టాలుంటాయి. ఒకటి మట్టి, తుప్పు పడుతుంది. ఇంకోటి బొగ్గు ఫిల్టరు, క్లోరిన్‌ను పీల్చేస్తుంది. క్లోరిన్ తగిలితే పొర దెబ్బతింటుంది కాబట్టి ఇది తప్పనిసరి. కానీ దీని వల్ల ఒక చిక్కుంది. నీటిని నిల్వలో కాపాడేది ఆ క్లోరినే. అది పోయాక మిషను ట్యాంకులో రెండు రోజులు నిలవున్న నీళ్లకు రక్షణ ఉండదు. ఊరెళ్లి వస్తే ముందు ఆ ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, కొత్తగా పట్టుకోండి. వాటర్ ప్లాంటు నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాన్ల విషయమూ అంతే. లోపలి నీళ్లెంత శుద్ధమైనా, క్యాను కడగకపోతే వాంతులు, విరేచనాలు రావచ్చు.

స్క్రూ తిప్పిన కథ

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. అక్కడి బోరు నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాలన్నీ కలిపి, లీటరుకు 1200 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్ 4 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణాల ప్రకారం టీడీఎస్ 500 లోపు, ఫ్లోరైడ్ 1 లోపు ఉండాలి. వేరే దారి లేని చోట ఫ్లోరైడ్ 1.5 వరకు ఒప్పుకొంటారు. ఆర్‌ఓ పెట్టించాను. మిషను నీళ్లు 60కి దిగాయి. నేను నిశ్చింతగా నా డ్యూటీలో పడిపోయాను.

ఆర్నెల్ల తర్వాత వెళ్తే అమ్మ చాలా సంతోషంగా చెప్పింది: ‘‘మొదట్లో నీళ్లు చప్పగా ఉండేవిరా. మొన్న సర్వీసు అబ్బాయి వచ్చి ఏదో తిప్పాడు, ఇప్పుడు కమ్మగా ఉన్నాయి.’’ మీటరు పెట్టి చూస్తే 400!

చాలా మిషన్లలో టీడీఎస్ అడ్జస్టర్ అని ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది తిప్పితే కొన్ని నీళ్లు పొరను దాటకుండా, పక్కదారిన వచ్చి శుద్ధి అయిన నీళ్లలో కలుస్తాయి. రుచి వస్తుంది, మీటరు మీద అంకె ‘మంచిగా’ కనిపిస్తుంది. మామూలు ఉప్పనీళ్లకు అది పెద్ద తప్పేమీ కాదు. కానీ మా బోరులో లవణాలతో పాటు ఫ్లోరైడూ ఉంది. లెక్క వేశాను. టీడీఎస్ 400 రావాలంటే పదింట మూడు వంతులు బోరు నీళ్లే కలవాలి. పొర పదింట తొమ్మిది వంతుల ఫ్లోరైడ్ ఆపుతుందనుకున్నా, గ్లాసులోకి వచ్చేది లీటరుకు దాదాపు ఒకటిన్నర మిల్లీగ్రాములు. మిషను కొన్న డబ్బు చాలావరకు బూడిదలో పోసినట్టే. తప్పు ఆ కుర్రాడిది కాదు, అమ్మ అడిగింది, తిప్పాడు. ఎందుకు తిప్పకూడదో వాళ్లిద్దరికీ చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

మీ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందా లేదా అన్నది టీడీఎస్ మీటరు చెప్పదని గుర్తుంచుకోండి. అది నీటిలో కరెంటు ఎంత ప్రవహిస్తోందో చూసి లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, అంతే. క్రిములను, పురుగుమందులను అది అసలు గుర్తించదు. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఉండవు. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీటి పరీక్షా కేంద్రాలున్నాయి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో రెండు నమూనాలు తీసుకెళ్లండి, ఒకటి బోరువి, ఇంకోటి మిషను కుళాయివి. రెండోది చాలామంది మరచిపోతారు.

అందరికీ అక్కర్లేదు

నది నీళ్లు కుళాయిలో వస్తూ, టీడీఎస్ రెండు మూడు వందలే ఉన్న ఇంట్లో ఆర్‌ఓ ఎందుకో నాకు అర్థం కాదు. అక్కడ భయం లవణాల గురించి కాదు, క్రిముల గురించి. దానికి మరిగించడమో, యూవీ ఫిల్టరో చాలు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది. కారణం వృథా. ఇళ్లలోని చాలా మిషన్లు ఒక లీటరు ఇవ్వడానికి మూడు లీటర్లు బయటకు పంపేస్తాయి.

ఆ నీళ్లతో ఇల్లు తుడవొచ్చు, బాత్‌రూమ్ కడగొచ్చు. ఫ్లోరైడ్ ఊళ్లలో మాత్రం వాటిని గేదెల తొట్టిలో పోయొద్దు. పోసేవాళ్లను నేను చూశాను. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ బోరులో ఉన్నదాని కంటే ఎక్కువ ఉంటుంది. పశువుల ఎముకలూ, పళ్లూ మనలాగే పాడవుతాయి.

‘ఆర్‌ఓ తాగితే కాల్షియం పోతుందట కదా’ అని అడుగుతుంటారు. నీటిలోని కాల్షియం తగ్గే మాట నిజమే. అయితే మనకు కాల్షియం ప్రధానంగా అందేది తిండి నుంచి. వంద గ్రాముల రాగుల్లోనే 300 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. పాలు, పెరుగు, ఆకుకూరలు ఉండనే ఉన్నాయి. ఫ్లోరైడ్ ఊళ్లలో ఈ తిండి ఇంకా ముఖ్యం. కాల్షియం, విటమిన్ సి సరిగా అందని ఒంట్లో ఫ్లోరైడ్ మరింత హాని చేస్తుంది. ఇంకో మాట, ఆర్‌ఓ పెట్టుకుంటే కిడ్నీ జబ్బులు రావని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

మిషను ఎప్పుడు పాడైందో తెలుసుకోవడం కష్టమేం కాదు. పెట్టిన రోజు బోరు అంకె, మిషను అంకె రెండూ గోడ మీద రాసిపెట్టండి. నెలకోసారి మళ్లీ చూడండి. బోరు అంకె మారకుండా మిషను అంకె పెరుగుతూ ఉంటే ఎవరైనా స్క్రూ తిప్పి ఉండాలి, లేదా పొర అరిగి ఉండాలి. పొర సాధారణంగా రెండు మూడేళ్లు వస్తుంది, నీళ్లు గట్టివైతే ఇంకా ముందే పోతుంది.

కనిగిరి ఆవిడకు అరిగిపోయిన ఆశలేమీ చూపించలేదు. గట్టిపడిన మెడ మళ్లీ మామూలు కావడం కష్టమని, లోపలికి వెళ్లే ఫ్లోరైడ్ ఆగితే నొప్పులు తగ్గే అవకాశం ఉందని చెప్పాను. కాల్షియం మాత్రలు రాశాను. ఇంట్లో చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, అయిదేళ్ల మనవరాలు ఉందన్నారు. శాశ్వత దంతాలు చిగురు కింద తయారవుతున్న వయసు అది. ఇప్పుడు తినే ఫ్లోరైడే రేపు పళ్ల మీద గోధుమరంగు చారలై కనిపిస్తుంది, అవి తోమితే పోయేవి కావు.

ఆమె ఇంకేమీ అడగలేదు. కొడుకు వైపు మొత్తం తిరిగి, ‘‘రాత్రిపూట మిషను వేసి రెండు బిందెలు పట్టిపెట్టరా, పొద్దున వంటకి’’ అన్నారు.