స్వయముద్దీపన శబ్దవిచారము

కూర్చున్నచోటనే ముందునకు వెనుకకు ఊగుట, చేతులను రెక్కలవలె ఆడించుట, ఒకే ధ్వనిని మరల మరల పలుకుట మున్నగు చేష్టలు ఆటిజము గలవారియందు విశేషముగా కానవచ్చును. వీనిని ఆంగ్లమున ‘స్టిమ్మింగ్’ అందురు. ‘సెల్ఫ్ స్టిమ్యులేషన్’ అనుదానినుండి కుదించిన రూపమిది. మన మనోవిజ్ఞాన గ్రంథములలో ‘స్టిమ్యులస్’ అనుదానికి ‘ఉద్దీపన’ యని స్థిరపడినందున దీనిని ‘స్వయముద్దీపనము’ అనుట సులభము. యుక్తమా యనునది విచార్యము.

లాటినున ‘స్టిమ్యులస్’ అనగా పశువులను తోలు ములుకోల. అమరుడు వైశ్యవర్గమున చెప్పిన తోత్రమిదియే. తోత్రము వ్యథార్థకమగు తుదధాతువునుండి పుట్టినది. ఉద్దీపనము దీప్త్యర్థకధాతువునుండి పుట్టినది. అనువాదమున ముల్లు పోయి దీపము వచ్చినది.

ఆలంకారికుల మతమున చంద్రోదయ మలయమారుతాదులు ఉద్దీపన విభావములు. అవి ఉన్న భావమును పెంపొందించును. భావము కలిగిన పిదప శరీరమున వెలువడు చేష్ట అనుభావము. సంతోషము పట్టలేక చేతులాడించు బాలుని చేష్టను ఈ దృష్టిలో అనుభావమనవలెను. ఇక వెలుతురును సందడియు భరింపలేనప్పుడు ఊగినచో మనసు కుదుటబడునని ఆటిజము గలవారు పలువురు స్వయముగా వ్రాసియున్నారు. అచ్చట జరుగునది శమనము, ఉద్దీపనమునకు విపరీతము.

లౌకికవ్యవహారము ఇంతకంటె కఠినము. ‘పిచ్చిచేష్టలు’ అని తీర్మానించును. అందుకు శాస్త్రమును సాయము పిలుచుటయు కలదు. పాణినీయశిక్ష శిరఃకంపిని పాఠకాధములలో చేర్చినది. నాతో పాఠశాలలో చదివిన యొకడు ఊగనిదే పనస చెప్పలేకపోయెడివాడు. బెత్తముతో ఆ ఊపు మాన్పించిరి. ఊపుతోపాటు పాఠమును ఆగిపోయినది. ఏడాది తిరుగకమునుపే అతడు ఇంటికి పోయెను. శిక్షాకారుడు చెప్పినది పఠనదోషమును గూర్చి. ఊగినగాని పాఠము రానివానిని గూర్చి ఆయన చెప్పలేదు.

మరి ఏమనవలెను? క్రియాఫలము కర్తకే చెందునపుడు స్వరితేత్తులకును ఞిత్తులకును పాణిని ఆత్మనేపదము విధించెను (1.3.72). ఋత్విజుడు పరునికై యజించునపుడు ‘యజతి’, యజమానుడు తనకై యజించునపుడు ‘యజతే’. ప్రకృతమునందును ఫలము కర్తదే; అది ఉద్దీపనమైనను, ఉపశమనమైనను, ఊరక ఆనందమైనను సరియే. కనుక ‘ఆత్మార్థచేష్ట’ అని మొదట తలచితిని. సంస్కృతమున చేష్టాశబ్దము వ్యాపారమాత్రవాచకమే గాని తెలుగున దానికి నింద అంటుకొన్నది. ‘ఆత్మార్థక్రియ’ యనిన ఆ చిక్కు లేదు. భోజనాదులయందు అతివ్యాప్తి యందురేమో; పంకజశబ్దమునకువలె యోగరూఢిచే నిర్వాహము.