నూఱు వోల్టుల గానయంత్రము

కువైటు నగరమున 1934వ సంవత్సరమున ప్రజలకు విద్యుచ్ఛక్తిని పంచి యిచ్చు సంస్థ వెలసినపుడు, ముప్పది కిలోవాట్ల జనకయంత్రములు రెండింటి నుండి 200 వోల్టుల ఏకముఖ ప్రవాహము తీగలలో పాఱినది. 1949లో ఆ పద్ధతిని విడిచి, 380/220 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు గల ఏకాంతర ప్రవాహమును స్వీకరించిరి. నేడచ్చటి గోడసాకెట్టులో లభించునది 240 వోల్టులు. ఇది మన దేశపు వోల్టేజికి సన్నిహితము గనుకనే, రాజంపేట, రాయచోటి ప్రాంతముల నుండియు కోనసీమ నుండియు జీవనోపాధికై కువైటు చేరిన మనవారు సాల్మియా అంగళ్లలో కొని తెచ్చిన టేపురికార్డర్లు ఏ మార్పును లేకయే మన యిండ్లలో పాడినవి.

చిక్కంతయు కువైటునకే పరాయియైన యంత్రము తోడనే వచ్చును. అల్ రై ప్రాంతపు శుక్రవారపు సంతలో, పాత సామానుల రాశి నడుమ, జపానువారు స్వదేశ విక్రయమునకై చేసిన ఆంప్లిఫయరొకటి కనబడినదనుకొందము. వెనుకవైపు పలకపై ‘100 వోల్టులు’ అను ముద్ర యుండును. దానిని తిన్నగా 240 వోల్టుల సాకెట్టునకు తగిలించినచో, లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఇనుములో అయస్కాంత ప్రవాహము రెండున్నర రెట్లకు సమీపముగ పెరుగవలసి వచ్చును. ఇనుమంతటి దానిని భరింపలేక సంతృప్తమై పోవుటచే, తీగచుట్టలో విద్యుత్తు హద్దు మీఱి ప్రవహించి, ఫ్యూజు తెగుటయో, చుట్ట కమరుటయో తప్పదు.

అయినను ఆ యంత్రమునకు మన వోల్టేజితో శాశ్వత వైరమేమియు లేదు. లోపలి ట్రాన్సిస్టరులకు కావలసినది కొలది వోల్టుల ఏకముఖ ప్రవాహమే. గోడలో 100 యున్నదో, 240 యున్నదో వాటికి తెలియదు. ఆ భేదము తెలిసిన అంగము, 1885లో బుడాపెస్టునందు గాంజ్ కర్మాగారపు ఇంజనీర్లగు జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీలు పరిపూర్ణ రూపమునకు తెచ్చిన ట్రాన్స్‌ఫార్మరొక్కటే. దానిని మార్చిన చాలును.

ఎగుమతికై చేసిన యంత్రములలో ఈ మార్పు సులభము. ప్రాథమిక చుట్టలు 120 వోల్టులవి రెండుండును. వాటిని సమాంతరముగ కలిపినచో 120కి, శ్రేణిలో కలిపినచో 240కి తగును. వెనుకనున్న సెలెక్టరును స్క్రూడ్రైవరుతో త్రిప్పుట యనగా ఈ కలయికను మార్చుటయే.

ఒకే ప్రాథమిక చుట్ట గల దానికి రీవైండింగు తప్పదు. ఈ పనిలో నాకు మిక్కిలి మనోహరముగ తోచునది దాని గణితము. పనివాడు ఇనుపరేకులను ఊడదీసి, ద్వితీయ చుట్టలో 24 వోల్టులకు 96 చుట్లున్నవని లెక్కించెననుకొందము. వోల్టునకు 4 చుట్లు. కావున 240 వోల్టుల ప్రాథమిక చుట్టకు 960 చుట్లు కావలెను. పూర్వమున్నవి 400. ఇన్ని చుట్లు ఆ చిన్న బాబినులో నెట్లు పట్టునని సందేహము కలుగవచ్చును గాని, వోల్టేజి పెరిగిన నిష్పత్తిలోనే విద్యుత్తు తగ్గుట వలన తీగ అడ్డుకోతయు ఆ మేరకు తగ్గింపవచ్చును. చుట్లు రెండు పాయింటు నాలుగు రెట్లయినను, పట్టు రాగి ఇంచుమించుగ మునుపటంతయే. పని ముగిసిన పిమ్మట తొలిసారి విద్యుత్తు నిచ్చునపుడు నూఱు వాట్ల బల్బు నొకదానిని సీరీసులో పెట్టుదురు: అది మసకగా వెలిగిన క్షేమము, పూర్తిగా వెలిగిన లోపల షార్టున్నదని యర్థము.

ఆవృత్తి మాత్రము ట్రాన్స్‌ఫార్మరుకు లొంగదు. జపాను తూర్పుభాగమున 50, పడమటి భాగమున 60, అమెరికాలో 60, కువైటునకు పొరుగుననున్న సౌదీ అరేబియాలోను 60. విద్యుత్ప్రవాహపు ఆవృత్తితో అడుగు కలిపి తిరుగు సింక్రొనస్ మోటారు గల గ్రామఫోను 60 నుండి 50కి వచ్చినపుడు, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగవలసిన రికార్డు 27.8 చుట్లే తిరుగును. ఐదు శ్రుతిలో పాడిన గాయని కంఠము మూడు శ్రుతికిని కొంచెము దిగువకు జాఱును. వోల్టేజిని తగ్గించు స్టెప్‌డౌను పెట్టె నెంత వెలపెట్టి కొన్నను ఈ జాఱుట మానదు. మోటారు ఇరుసు మీది పుల్లీ వ్యాసమును 1.2 రెట్లు పెంచవలెను. 10 మిల్లీమీటర్లది 12 కావలెను. అందు మిల్లీమీటరులో పదవ వంతు తప్పినను వేగము నూటికి ఒక పాలు వఱకు తప్పును. కనుక నేర్పరి యగు పనివాడు ఇత్తడి పుల్లీని మొదట కొంచెము లావుగనే తీసి, 180 గీతలు గల స్ట్రోబుచక్రమును రికార్డు స్థానమున నుంచి, కువైటు విద్యుత్తుతో వెలుగు దీపము క్రింద ఆ గీతలు కదలక నిలుచు వఱకు, లేతు మీద దానిని సన్నసన్నముగ తగ్గించుచు పోవును.