సాగనంపడం తెలిసిన ఆటలు

ప్యాక్‌మ్యాన్‌ను తయారుచేసినవాళ్లు దానికి ముగింపు పెట్టలేదు. పసుపుపచ్చ గుండ్రటి మూతి ఒకటి చుక్కలు తింటూ, దెయ్యాలకు దొరక్కుండా సందుల్లో తిరుగుతుంటుంది. ఒక లెవెల్ అయిపోతే మళ్లీ అవే సందులు, అవే చుక్కలు. 1980లో జపాన్‌లోని నామ్కో కంపెనీలో తోరు ఇవతాని రూపొందించిన ఈ ఆటలో లెవెల్ లెక్కను ఒక్క బైట్‌లో ఉంచారు. బైట్‌లో పట్టేది 0 నుంచి 255 వరకే. ఎవరైనా గంటల తరబడి ఆడి 256వ లెవెల్ దాకా వస్తే ఆ లెక్క పొర్లిపోతుంది. తెర కుడి సగమంతా అక్షరాలు, అంకెలు, రంగు ముక్కలతో కలగాపులగమైపోతుంది. తినాల్సినన్ని చుక్కలు ఉండవు కాబట్టి ఇక ముందుకు పోవడం కుదరదు. అంత నేర్పు చూపించినవాళ్లకు ఆ ఆట చెప్పే వీడ్కోలు ఆ చెడిపోయిన తెర ఒక్కటే. దీనికి తయారీదారుల అశ్రద్ధను మాత్రమే తప్పుపట్టడం సరికాదు. ఆ రోజుల్లో వీడియో గేమ్ అంటే దుకాణంలో నిలబెట్టిన పెట్టె. నాణెం వేస్తే ఆట మొదలు, ఓడిపోతే ఇంకో నాణెం. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ నుంచీ లెక్క ఇదే. ఆడేవాళ్లు తొందరగా ఓడాలి, మళ్లీ ఆడాలనిపించాలి. ముగింపు ఉంటే నాణేలు పడటం ఆగిపోతుంది.

ఒక ఆట గొప్పదా కాదా అని తేల్చేటప్పుడు మనం బొమ్మలు చూస్తాం, కథ చూస్తాం, ఎన్ని గంటలు ఆడొచ్చో చూస్తాం. అది మనల్ని ఎలా సాగనంపుతుందో మాత్రం చూడం. ఇంటికి వచ్చిన చుట్టాన్ని వీధి గుమ్మం దాకా వచ్చి పంపేవాళ్లుంటారు. చెప్పులు దాచేసి ఇంకో పూట ఉండమని బలవంతపెట్టేవాళ్లూ ఉంటారు. చుట్టరికంలో రెండోది కూడా ప్రేమే కావచ్చు. వ్యాపారంలో మాత్రం చెప్పులు దాచడానికి వేరే కారణం ఉంటుంది. నలభై ఐదేళ్ల వీడియో గేమ్‌లను ఈ కోణంలో చూస్తే పాతవి గొప్పవి, కొత్తవి చెత్తవి అనే వాదన నిలవదు. దానికి తిరగేసిన వాదనా నిలవదు. ఆట ఎలా అమ్ముడుపోతుందో దాన్నిబట్టి ముగింపు ఉండటమో లేకపోవడమో తేలుతూ వచ్చింది.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌ను చూడండి. ఇది ఇంట్లో టీవీకి తగిలించుకునే ఆట. మన దగ్గర క్యాసెట్ అని పిలుచుకున్న ఆ ప్లాస్టిక్ డబ్బాను ఒకసారి డబ్బు పెట్టి కొంటే చాలు, అమ్మినవాళ్లకు మళ్లీ నాణెం అక్కర్లేదు. మొత్తం ఆట పట్టింది 40 కిలోబైట్లలో. ఈ రోజు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. చోటు చాలక ఆకాశంలో మబ్బుకూ నేలమీద పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. అంత ఇరుకులోనూ షిగెరు మియామోతో, తకాషి తెజుకా ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు చొప్పున 32 లెవెళ్లు, చివర ఒక రాకుమారిని అమర్చారు. మొదటి లెవెల్ మొదటి కొన్ని సెకన్లను దగ్గరగా చూస్తే వాళ్ల ఉద్దేశం తెలుస్తుంది. మారియో తెరకు ఎడమ పక్కన ఉంటాడు, కుడి పక్కంతా ఖాళీ. అంటే కుడికే వెళ్లాలి. నాలుగడుగులు వేయగానే పుట్టగొడుగులాంటి జీవి ఎదురొస్తుంది. ఎగరకపోతే చచ్చిపోతాం, కానీ పోయేది కొన్ని సెకన్ల ఆటే. ఎగిరితే తల పైనున్న ఇటుకకు తగిలే అవకాశముంది, తగిలితే నాణెమో పుట్టగొడుగో బయటికొస్తుంది. ఒక్క అక్షరం చదివించకుండా ఆట మొత్తం నేర్పేశారు. ఆడేవాళ్లు ఓడిపోతే చాలనుకునేవాళ్లు ఇంత శ్రద్ధ పెట్టరు, చివరిదాకా రావాలని కోరుకునేవాళ్లే పెడతారు. ఏడు కోటలు దాటినా రాకుమారి వేరే కోటలో ఉందనే కబురే వస్తుంది. ఎనిమిదో కోటలో ఆమె కనిపించి, ధన్యవాదాలు చెప్పి, కావాలంటే ఇంకాస్త కష్టమైన ఆట మొదలుపెట్టమంటుంది. ఆడతామా మానతామా అన్నది మన ఇష్టం. ఆ కాలపు ఆటలన్నీ ఇంత మర్యాదగా ఉన్నాయని చెప్పలేం. కాంట్రా లాంటివి అరగంటలో అయిపోయే ఆటను మూడే ప్రాణాలిచ్చి నెలల తరబడి సాగదీశాయి. 30 ప్రాణాలిచ్చే రహస్య మీటల వరసను పిల్లలు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నది అందుకే.

ముగింపు అంటే కథ పూర్తికావడమే అయితే సినిమా చాలు, ఆట ఎందుకు? దీనికి నాకు తెలిసినంతలో గట్టి జవాబు 2005లో ప్లేస్టేషన్ 2 కోసం ఫుమితో ఉఎదా తీసిన షాడో ఆఫ్ ద కొలోసస్. చనిపోయిన ఒక అమ్మాయిని బతికించడానికి ఒక యువకుడు నిషిద్ధ ప్రదేశానికి వస్తాడు. పదహారు మహాకాయులను చంపితే ఆమె బతుకుతుందని ఒక అశరీరవాణి చెబుతుంది. ఆ విశాలమైన మైదానంలో ఆ పదహారు తప్ప శత్రువులే ఉండరు. గుర్రం, గాలి, మీ కత్తి నుంచి వెలిగే కిరణం, అంతే. కొన్ని మహాకాయాలు మన జోలికే రావు, మనమే వెతుక్కుంటూ పోయి చంపాలి. అవి కూలిన ప్రతిసారీ నల్లటి దారాలు వచ్చి యువకుడి ఒంట్లో దూరతాయి. అతని ముఖం కొంచెం కొంచెంగా పాలిపోతుంది. ఇరవై ఏళ్లు దాటిన ఆట కాబట్టి చివర ఏమవుతుందో చెప్పేయొచ్చు. పదహారూ అయ్యాక అతణ్ణి ఒక సుడిగాలి కొలను వైపు లాగేస్తుంది, అమ్మాయి పడుకుని ఉన్న బల్ల కళ్లెదుటే ఉంటుంది. ఆ క్షణంలో కంట్రోలర్‌ను మన చేతికే ఇచ్చారు. పరిగెత్తొచ్చు, మెట్ల అంచు పట్టుకుని వేలాడొచ్చు, మళ్లీ లేవొచ్చు, ఎంతసేపు కావాలంటే అంతసేపు పెనుగులాడొచ్చు. ఆమె దగ్గరికి మాత్రం చేరలేం. ఎప్పుడో ఒకప్పుడు వేళ్లు మీట వదిలేస్తాయి. అతను ఓడిపోయాడని సినిమా చూపించగలదు. వదిలేసే పనిని మన చేతులతో చేయించడం ఆటకే సాధ్యం.

2019 నాటి అవుటర్ వైల్డ్స్ ఇంకో దారిలో వెళ్లింది. అందులో ఒక బుల్లి సౌరకుటుంబం ఉంటుంది. 22 నిమిషాల తర్వాత సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటి నెగడు పక్కనే కళ్లు తెరుస్తాం. ఆయుధాలు కూడవు, పాయింట్లు కూడవు, బలం పెరగదు. అంతరించిపోయిన ఒక జాతి గోడల మీద రాసిపెట్టుకున్న మాటలు చదివి మనం తెలుసుకున్నదే మిగులుతుంది. అన్నీ తెలిసినవాళ్లు ఆ ఆటను ఒక్క 22 నిమిషాల చక్రంలోనే ముగించేయొచ్చు. తెలియనివాళ్లకు ఇరవై గంటలైనా పడుతుంది. అందుకే దీన్ని తొలిసారిలా మళ్లీ ఆడటం ఎవరివల్లా కాదు, తెలిసినదాన్ని తెలియనట్టు చేసుకోలేం కదా. తన దగ్గరున్నదంతా ఇచ్చేసి ఇక నీకివ్వడానికి ఏమీ లేదని ఒప్పుకోవడానికి ఆట తీసేవాళ్లకు చాలా ధైర్యం కావాలి. ఈ ఆట చివరి ఘట్టమేమిటో మాత్రం ఇక్కడ చెప్పను, అది ఆడేవాళ్ల సొంతం.

ఇప్పుడు మన చేతిలోని ఫోన్‌కు వద్దాం. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో ఐదు ప్రాణాలుంటాయి. పోయిన ప్రాణం ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఆగలేకపోతే డబ్బు కట్టొచ్చు. లెవెళ్లు వేలల్లో ఉన్నాయి, కొత్తవి చేరుతూనే ఉన్నాయి. ఇది పాత నాణెం పెట్టే, దుకాణంలోంచి జేబులోకి వచ్చింది. పిల్లలూ పెద్దలూ ఆడే కాల్పుల ఆట బీజీఎంఐ సంగతి కొంచెం వేరు. అందులో ఒక్కో మ్యాచ్‌కు చక్కటి ముగింపు ఉంటుంది. వందమంది దిగుతారు, జోన్ అనే వలయం దగ్గరపడుతూ వస్తుంది, అరగంటలో ఎవరో ఒకరి జట్టుకు చికెన్ డిన్నర్, అంటే గెలుపు. ఆ వలయం ఊహ నిజంగా గొప్పది, దాక్కున్నవాణ్ణి కూడా బయటికి రప్పిస్తుంది. కానీ మ్యాచ్ అయ్యాక వచ్చే తెర చూడండి. రోజూ వస్తే ఇచ్చే కానుక, గడువు ముంచుకొస్తున్న రాయల్ పాస్, సీజన్ మారగానే వెనక్కి జారే ర్యాంకు. మ్యాచ్ అయిపోతుంది, ఆట మాత్రం వదలదు.

చదరంగానికీ క్రికెట్‌కూ ముగింపు ఉందా, అవి శతాబ్దాలుగా సాగడం లేదా అని అడగొచ్చు. సాగుతున్నాయి. కానీ ఆటకట్టు అయ్యాక చదరంగం బల్ల మిమ్మల్ని పిలవదు. రేపు రాకపోతే ఒక బంటు తీసేస్తానని బెదిరించదు. మళ్లీ ఆడాలన్న కోరిక మీలోనే పుట్టాలి. ఇంతకన్నా బరువైన అభ్యంతరం డబ్బుది. 2021లో ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. ఊరిచివర ఇంట్లో ఉన్న కుర్రాడికి ఉచితంగా దొరికే ఫోన్ ఆటే ఆట. స్నేహితులతో కలిసి కూర్చోవడానికి అదే రచ్చబండ. అతణ్ణి తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఫోన్‌లో కూడా సాగనంపే ఆటలు వచ్చాయి. 2014 నాటి మాన్యుమెంట్ వ్యాలీ పది అధ్యాయాల అందమైన ఆట, గంటన్నరా రెండు గంటల్లో అయిపోతుంది. తర్వాత కొత్త అధ్యాయాలను కొద్దిపాటి ధరకు అమ్మితే, డబ్బడిగారన్న కోపంతో చాలామంది ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చారు. ఇక్కడ తప్పు ఆటది కాదు. విలువను గంటల్లో కొలిచే అలవాటు మనకు పట్టుకుంది. పెసరట్టు బాగుందో లేదో ఎంతసేపు తిన్నామన్నదాన్నిబట్టి చెప్పం కదా.

పెసరట్టు మాటెలాగూ వచ్చింది కాబట్టి వెన్బా గురించి చెప్పాలి. 2023లో టొరంటోలోని ఒక చిన్న బృందం తీసిన ఈ ఆట కెనడాకు వలసవెళ్లిన తమిళ కుటుంబం కథ. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, తడిసి, సగం అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. చెరిగిన చోట ఏముండాలో వంట తెలివితో మనం పూరించాలి. మొదటి వంట ఇడ్లీ. మన వంటిళ్లలో రోజూ జరిగే పని అక్కడ చిక్కుముడిగా మారుతుంది. ఇంగ్లిష్‌లోకి జారిపోతున్న కొడుకు, తన భాషలో అతణ్ణి పిలిచే తల్లి, ఈ ఇద్దరినీ డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగు ఇళ్లు వెంటనే గుర్తుపడతాయి. ఒకటి రెండు గంటల్లో అయిపోతుంది. 2024లో తొలి ప్రయత్నాలకిచ్చే బాఫ్టా అవార్డు దీనికే దక్కింది. ఇదే కథను వెయ్యి లెవెళ్ల వంటల ఆటగా సాగదీస్తే ఆ తల్లి చేతిలో గరిటె తప్ప ఇంకేమీ మిగిలేది కాదు.

చివరగా ఒక మాట తరచూ వినిపిస్తుంది. కొన్న ఆటను చాలామంది చివరిదాకా ఆడనే ఆడరు, అలాంటప్పుడు ముగింపు ఎవరికోసం అని. ముగింపు లేని చోట కూడా దాన్ని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లుంటారు, టెట్రిస్ సంగతి చూడండి. 1984లో మాస్కోలో అలెక్సీ పాజిత్నోవ్ తయారుచేసిన ఈ ఆటకు గెలుపు లేదు. ఎప్పుడు ఓడిపోతామన్నదే ప్రశ్న. 1989 నాటి నింటెండో క్యాసెట్‌లో 29వ లెవెల్‌కు చేరితే ముక్కలు పడే వేగాన్ని మనిషి వేళ్లు అందుకోలేవని చాలా ఏళ్లు నమ్మారు. ఆ తర్వాత ఆడేవాళ్లు కొత్త పట్టు కనిపెట్టారు. ఒక చేతి బొటనవేలిని మీట మీద ఆనించి ఉంచి, రెండో చేతి వేళ్లతో కంట్రోలర్ వీపు మీద మృదంగం వాయించినట్టు వరసగా తట్టడం. 2023 డిసెంబరు 21న అమెరికాలోని ఓక్లహోమాలో పదమూడేళ్ల కుర్రాడు అలా ఆడుతూ 38 నిమిషాల పాటు నిలిచి 157వ లెవెల్‌కి చేరాడు. స్కోరు ఎప్పుడో 999999 దగ్గర ఆగిపోయింది, ఆ పైన చూపించడానికి తెర మీద చోటే లేదు. ఇంకొక్క వరస నిండగానే ప్రోగ్రాం తట్టుకోలేక బొమ్మ కదలకుండా బిగుసుకుపోయింది. ముప్ఫై నాలుగేళ్లుగా ఎవరూ పెట్టని ముగింపు దగ్గరికి ఒక మనిషి వెళ్లి నిలబడ్డాడు. తన వేళ్లకు స్పర్శ తెలియడం లేదన్నాడు ఆ పిల్లాడు.